ప్రొటీన్లను తూర్పారపడితే

2024 సెప్టెంబరు వరదలో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చిన సింగ్‌నగర్ పాఠకురాలొకరు అడిగారు: "మా నాన్నగారి రక్తం కల్చర్‌లో బాక్టీరియా పెరగడానికి రెండు రోజులు పట్టింది. పెరిగాక దాని పేరు మాత్రం అరగంటలో చెప్పేశారు. ఎలా?"

ఆ పని చేసే యంత్రం మాల్డి-టాఫ్. దాని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ప్లేటు మీద పెరిగిన బాక్టీరియాను పుల్లతో కొద్దిగా తీసి స్టీలు పలకకు పూస్తారు. పైన ఒక ఆమ్ల ద్రావణం చుక్క వేసి ఆరనిస్తారు. ఆరగానే ఏర్పడే స్ఫటికాల్లో ప్రొటీన్లు చిక్కుకుంటాయి. లేజర్ తగిలితే ఆ దెబ్బను ఆమ్లమే మింగి, ఆవిరవుతూ, ప్రొటీన్లను విరగకుండా పైకి లేపుతుంది. వాటికి ధనావేశం కూడా అంటుతుంది.

ఇక తూర్పారపట్టడమే. కళ్లంలో చేట ఎత్తి ధాన్యం జారవిడిస్తే తాలు దూరంగా, గట్టి గింజ దగ్గరగా పడతాయి. వీచే గాలి రెండింటికీ ఒకటే. ఇక్కడ గాలి చేసే పనిని సుమారు 20,000 వోల్టుల విద్యుత్తు చేస్తుంది. కళ్లంలో పడిన దూరం చూస్తాం; ఇక్కడ దూరం మారదు, సుమారు మీటరు పొడవు గొట్టం, చివరికి చేరిన సమయం చూస్తాం. కళ్లానికి గాలి కావాలి. ఈ గొట్టంలో గాలి అణువులు అడ్డొస్తే లెక్క తప్పుతుంది కాబట్టి శూన్యం చేస్తారు.

10,000 డాల్టన్ల (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) ప్రొటీన్ సెకనుకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. విజయవాడ నుంచి గుంటూరుకు రెండు సెకన్లు చాలు! గొట్టం దాటడానికి 50 మైక్రోసెకన్లు. నాలుగో వంతు బరువున్నదానికి 25. బరువు నాలుగింతలు తగ్గితే వేగం రెండింతలే పెరుగుతుంది, గతిజశక్తి సూత్రం అంతే. మన ఇంటర్ పిల్లలు ఆ సూత్రం మీద వందల లెక్కలు చేస్తారు. అది ఆసుపత్రి ల్యాబులో రోజూ పనిచేస్తోందని ఒక్కరైనా వారికి చెప్పాలి.

చేరిన సమయాలను బట్టి బరువులు లెక్కగట్టి గ్రాఫు గీస్తే, ఒక్కో ప్రొటీన్ ఒక్కో శిఖరంలా కనిపిస్తుంది. 2,000 నుంచి 20,000 డాల్టన్ల మధ్య కనిపించే శిఖరాల్లో ఎక్కువ భాగం రైబోజోమ్‌ల (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రాల) ప్రొటీన్లవి. ఏ బాక్టీరియాకైనా అవి పుష్కలం. ఆ శిఖరాల వరుసను కంప్యూటర్ తన జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. వైరస్‌లకు సొంత రైబోజోములు లేవు కాబట్టి వాటికి వేరే దారి: డెంగీలో ఆ వైరస్‌కు చెందిన ఎన్ఎస్1 అనే ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టుకుంటారు.

జాబితాలో లేనిదాన్ని యంత్రం గుర్తించలేదు. తడి మట్టిలో, వరి పొలాల్లో బతికే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా మెలియాయిడోసిస్ అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది. మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. జాబితాలో దాని నమూనాలు లేనిచోట యంత్రం దగ్గరి బంధువు థాయిలాండెన్సిస్ పేరు చెప్పిన సందర్భాలున్నాయి. ఆ బంధువు మనుషులకు దాదాపు హాని చేయదు. జ్వరం తగ్గకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించి రోజులు పోగొట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ జబ్బులో ఆ రోజులే ప్రాణం తీస్తాయి. అందుకే జ్వరంతో ఉన్న రోగి రిపోర్టులో థాయిలాండెన్సిస్ అని కనిపిస్తే మరో పరీక్షతో నిర్ధారించాలి. సూడోమల్లై అని తేలితే సెఫ్టాజిడిమ్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కనీసం రెండు వారాలు, తర్వాత మాత్రలు మూడు నుంచి ఆరు నెలలు వాడాలి.