అరచేతి మీద కర్ర, పాదాల మీద మనిషి

పక్షవాతం వచ్చి కాస్త కోలుకున్నాక కాలికి బలం వచ్చినట్టే ఉన్నా ఇంకా పడిపోతున్నారెందుకని చాలామంది అడుగుతారు. (పేరులో వాతం ఉంది గానీ తప్పు గాలిది కాదు, మెదడులోని రక్తనాళానిది.) బలం ఎంతుందన్నదొక్కటే కాదు, అది ఎంత త్వరగా అందుతుందన్నదీ చూడాలి.

అరచేతిలో పొడుగాటి కర్రను నిలబెట్టి చూడండి. అది ఎటు ఒరిగితే అటు చెయ్యి జరుపుతూ ఉంటేనే నిలుస్తుంది. నిలబడ్డ మనిషీ అంతే. భారకేంద్రం బొడ్డుకు కాస్త కింద, ఇరుసేమో చీలమండల దగ్గర. ముందుకు ఒరిగితే పిక్క కండరం బిగిసి వెనక్కి లాగుతుంది. ఒరుగుడు పెద్దదైతే నడుము సర్దుతుంది, అదీ చాలకపోతే అడుగు పడుతుంది. ఒరుగుతున్నామన్న కబురు కళ్ల నుంచి, లోపలి చెవి నుంచి, అరికాళ్లూ కీళ్ల నుంచి వస్తుంది. పక్షవాతం (స్ట్రోక్) తర్వాత కబురు సరిగా అందకపోవచ్చు, అందినా కండరం ఆలస్యంగా బిగుస్తుంది. కర్ర బాగా ఒరిగాక చెయ్యి జరిపితే ఏం లాభం? అందుకే మనిషి బరువంతా మంచికాలి మీదికి నెడతాడు. అంటే కర్రను అరచేతి మధ్యలో కాక అంచున నిలబెట్టడమన్నమాట. పైగా రెండో కాలికి పని లేక, సర్దుకోవడం నేర్చే అవకాశమే పోతుంది.

ఆ కాలికి పని చెప్పే మంచి వ్యాయామం కుర్చీలోంచి లేవడం. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి, బలహీనమైన పాదం నాలుగు వేళ్ల వెడల్పు ఇంకా వెనక్కి. ఇలా పెడితే ఆ కాలు బరువు మోయక తప్పదు. ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగి అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ దిగాలి. ధబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే. 5 నుంచి 10 సార్లు, కాస్త విశ్రాంతి, మళ్లీ ఒక విడత. మోకాలు వెనక్కి విరుచుకుంటోందంటే అలసట వచ్చిందని, ఆపేయండి.

సాయం చేసేవాళ్లు బలహీనమైన వైపు, అరడుగు వెనక నిలబడి నడుముకు కట్టిన బెల్టు పట్టుకోవాలి. చెయ్యి పట్టి లాగితే పట్టు తప్పిన భుజం కీలు జారొచ్చు.

నడుస్తూ వెనక్కి తిరిగేటప్పుడు బలహీనమైన కాలి మీద బొంగరంలా తిరగడం మరీ ప్రమాదం. నాలుగైదు చిన్న అడుగులతో, వెడల్పుగా చుట్టి తిరగాలి. ఆ సమయంలో మాట్లాడించకండి, పక్షవాతం తర్వాత మెదడు రెండు పనులు ఒకేసారి చూసుకోలేకపోవచ్చు. ఇక లేవగానే కళ్లు తిరిగితే తప్పు కాలిది కాకపోవచ్చు, రక్తపోటు పడిపోయి ఉండొచ్చు; వెంటనే కూర్చోబెట్టి, కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ ఎంతుందో కొలిపించాలి.