తాతగారి రివాల్వర్ ఇంట్లో ఉండొచ్చా?

విశాఖలో పాత జమీందారీ చుట్టరికాలున్న ఇళ్లలో, తెల్లదొరల కొలువు చేసినవారి ఇళ్లలో అప్పుడప్పుడూ ఓ పాత రివాల్వర్ బయటపడుతుంది. ఏటా దసరాకి ఆయుధ పూజలో బొట్టు పెట్టించుకుని, మళ్లీ ట్రంకు పెట్టె అడుక్కి చేరిన వస్తువే. ఇంటి పెద్ద పోయాక స్థలాలు, బంగారం ఎలాగో పంచుకుంటారు. దాని వంతు వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. "యాంటిక్ కదా, దానికి లైసెన్స్ ఎందుకు?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ధీమా ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1857 తిరుగుబాటు చూసి జడిసిన బ్రిటిష్ ప్రభుత్వం 1878లో, లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా, ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడి దగ్గర తుపాకీ ఉండాలంటే లైసెన్స్ కావాలి. యూరోపియన్లకు మాత్రం అక్కర్లేదు. ఎవరిని చూసి భయపడ్డారో వేరే చెప్పాలా! 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడుచోట్లా దండు పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలే. మన్యం మనిషికి తుపాకీ దొరికే చోటు పోలీస్ స్టేషనే అయిన రోజులవి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టాన్ని పక్కనపెట్టి 1959లో కొత్తది చేశారు. 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాతి భేదం లేదు గానీ లైసెన్స్ పద్ధతి అలాగే ఉండిపోయింది. ఆ లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి పోతే ఇంట్లో మిగిలిన తుపాకీకి చట్టపరమైన అండ లేనట్టే. అప్పుడు వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలని సెక్షన్ 21 చెబుతోంది. డిపాజిట్ చేసినంత మాత్రాన హక్కు పోదు. వారసుడు లైసెన్స్ తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు. గడువు దాటినా పట్టించుకోకపోతే ప్రభుత్వం జప్తు చేస్తుంది.

ఇక యాంటిక్ సంగతి. నెట్‌లో చూసి 1899కి ముందు తయారైతే లైసెన్స్ అక్కర్లేదని చెప్పేవాళ్లున్నారు. అది అమెరికా చట్టంలో మాట. మన దగ్గర ఏ సంవత్సరంలో చేశారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. సెక్షన్ 45 ప్రకారం పాతకాలపు నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, రిపేరు చేసినా చేయకపోయినా పేలనిదై ఉంటేనే చట్టం నుంచి మినహాయింపు. ఆ 'రిపేరు చేసినా' అన్న మాట దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. సముద్రపు గాలికి సిలిండర్ తుప్పు పట్టి తిరగడం లేదనుకోండి, నూనె పోసి రుద్దితే తిరగొచ్చు. ఫైరింగ్ పిన్ విరిగితే కొత్తది వేయొచ్చు. అలాంటివాటికి మినహాయింపు దొరకదు. గొట్టం పూడిపోయి, చాంబర్ చిల్లులు పడి ఇక ఎందుకూ పనికిరాదని తుపాకీల పనితనం తెలిసినవాళ్లు పరీక్షించి తేల్చాలి. ఇంట్లోవాళ్ల మాట చాలదు.

ఇంకో చిక్కు తూటా సైజుతో వస్తుంది. బ్రిటిష్ సైనికాధికారులు నడుముకు కట్టుకున్న వెబ్లీ రివాల్వర్లు చాలావరకు .455 బోరువి (బోరు అంటే గొట్టం లోపలి కొలత). ఆ తూటా పేల్చగలిగే రివాల్వర్లను మన రూల్స్ నిషేధిత బోరులో చేర్చాయి. మామూలు పౌరులకు ఎక్కువగా దొరికేది .32 మాత్రమే. నిషేధిత బోరు అయితే వ్యవహారం నగర పోలీస్ కమిషనర్ చేతిలో ఉండదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్తుంది. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే శిక్షలోనూ తేడా ఉంది: మామూలు బోరుకు రెండు నుంచి ఐదేళ్లు, నిషేధిత ఆయుధానికి కనీసం ఏడేళ్లు. 2019 సవరణతో ఇవి పెరిగాయి.

వారసుల విషయంలో 2016 ఆయుధాల రూల్స్ కొంత దారి చూపాయి. పెద్దాయన పోయేదాకా ఆగక్కర్లేదు. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పటి నుంచి వారసుడి పేరు మీద లైసెన్స్ అడగవచ్చు. విశాఖ నగరంలో దరఖాస్తు చూసేది పోలీస్ కమిషనర్, కమిషనరేట్ దాటితే జిల్లా కలెక్టర్. పెద్దాయన పోయిన తర్వాత అడిగితే మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఫైలు ఎక్కువగా ఆగేది ఇక్కడే అనుకుంటాను. అన్నదమ్ములు ఇంటి వాటా తేలేదాకా సంతకం పెట్టేది లేదంటారు, ఈలోగా రివాల్వర్ స్టేషన్లో పడి ఉంటుంది.

2019 డిసెంబర్ 14 నుంచి ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినదీ ఆ రెండింట్లోనే లెక్క. అమ్మాలనుకుంటే కొనేవాడికి లైసెన్స్ ఉండాలి. ఫలానా వ్యక్తికి అమ్ముతున్నామని ముందే పోలీసులకు లేదా లైసెన్స్ అధికారికి రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాకే చేతులు మారాలి. వందేళ్లు దాటిన ముక్క అయితే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయికి గుర్తుగా పంపుదామంటే కుదరదు.