ఇరవై మార్కులకు కుదించుకుపోయిన చేతిపని

ఫార్మేటివ్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే హైదరాబాద్‌లో హైస్కూల్ పక్కనున్న జిరాక్స్ షాపుకు గిరాకీ పెరుగుతుంది. "అన్నా, సైన్స్ ప్రాజెక్ట్ ఉందా? టెన్త్, తెలుగు మీడియం" అంటే చాలు. కంప్యూటర్‌లో ముందే దాచిన ఫైలు తీసి, రంగు ప్రింట్లు కొట్టి, స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు. పిల్లవాడు అట్ట మీద పేరూ రోల్ నంబరూ రాసుకుంటే ప్రాజెక్టు పని అయిపోయినట్టే. దానికి ఐదు మార్కులు.

పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలన్న ఆలోచన ఈ షాపు దాకా రావడానికి దాదాపు 90 ఏళ్లు పట్టింది. ఆ కథలో మొదటి పెద్ద పేరు హైదరాబాద్‌లో పుట్టినవాడిదే. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ జరిపిన విద్యా సదస్సు తర్వాత, చేతివృత్తి ద్వారానే చదువు చెప్పాలనే 'నయీ తాలీమ్' పద్ధతికి పాఠ్య ప్రణాళిక రాసే బాధ్యత జాకీర్ హుస్సేన్ కమిటీకి అప్పగించారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేనే ఆయన. 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆ కమిటీ వేసిన టైంటేబుల్ ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. బడి ఐదున్నర గంటలు. అందులో మూడు గంటల ఇరవై నిమిషాలు చేతివృత్తికే: నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయం లాంటివి. లెక్కలూ సైన్సూ సాంఘికమూ విడి పాఠాలుగా కాకుండా వీలైనంతవరకు ఆ పనిలోంచే రావాలి. నూలు పోగు కొలిస్తే లెక్క, పత్తి ఎక్కడ పండుతుందో అడిగితే భూగోళం.

కాంగ్రెస్ మంత్రివర్గాలు పాలించిన రాష్ట్రాల్లో ఇది కొంత మొదలైంది. నిజాం రాజ్యం ఆ పరిధిలోనిది కాదు. 1939లో ఆ మంత్రివర్గాలు రాజీనామా చేశాక అక్కడా ఊపు తగ్గింది. అసలు కారణం మాత్రం రాజకీయం కాదనుకుంటాను. మగ్గం పట్టే ఇంటి పిల్లవాడు బడికి వచ్చేదే ఆ మగ్గం నుంచి బయటపడదామని. ఆఫీసు ఉద్యోగం చేసే తండ్రికి తన కొడుకు మగ్గం పట్టడం ఇష్టం లేదు. ఇద్దరూ కోరుకున్నది పుస్తకమే.

1964–66 కొఠారీ విద్యా కమిషన్ అదే ఆలోచనకు 'పని అనుభవం' అని పేరు మార్చింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని ఎస్‌యూపీడబ్ల్యూ చేసింది. సామాజికంగా ఉపయోగపడే ఉత్పాదక పని అని అర్థం. పిల్లలు దానికి వెంటనే 'సమ్ యూస్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్' అని విస్తరణ చెప్పుకున్నారు. మూడు గంటల ఇరవై నిమిషాలు వారానికి ఒకటో రెండో పీరియడ్లయ్యాయి. లెక్కల సిలబస్ మిగిలిపోతే సారు ముందుగా లాక్కునేవి కూడా అవే.

సామాన్లు కొంటే సరిపోతుందన్న నమ్మకం ఆ తర్వాత వచ్చింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం కింద ప్రాథమిక బడులకు సైన్స్ కిట్లూ పనిముట్ల పెట్టెలూ ఇచ్చారు. చాలాచోట్ల అవి బీరువాలోనే ఉండిపోయాయి. టీచర్ల బద్ధకమని తీర్పు చెప్పేయడం తేలిక. కానీ ప్రతి గాజు గొట్టమూ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. పగిలితే జవాబు చెప్పాల్సింది టీచరే. పగలకుండా ఉండాలంటే తాళం వేయడమే మార్గం. నేను చదివిన హైస్కూల్లో లిట్మస్ రంగు మారడాన్ని సారు బల్ల దగ్గర నిలబడి చూపించారు. నాలుగో బెంచీలో ఉన్న నాకు కనిపించింది సారు మోచేయి మాత్రమే. పరీక్షలో మాత్రం ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి.

ఇక్కడ మధ్యప్రదేశ్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. పల్లెటూరి బడి పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగం తామే చేసి, ఏం జరిగిందో తామే రాసేవాళ్లు. మిగతా పథకాల్లో లేనిది ఇక్కడ ఒకటుంది: పరీక్షను కూడా మార్చారు. ఎనిమిదో తరగతి బోర్డు పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రాక్టికల్ కూడా ఉండేది. బట్టీ పట్టినవాడికి పుస్తకం పక్కన ఉన్నా లాభం లేదు. 30 ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది. కానీ 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రంలో అదే ధోరణి కనిపిస్తుంది.

ఆ చట్రాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన సొంత చట్రం రాసుకుంది. ఆ తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు నిజంగా మంచివి. లెక్కల్లో 'ఇవి చేయండి', 'ప్రయత్నించండి', సైన్సులో 'ప్రయోగశాల కృత్యం', సాంఘికంలో మీ వీధిలో అడిగి తెలుసుకోండి, తెలుగులో సామెతలు సేకరించండి. చేతిపని సైన్స్ ల్యాబుకే పరిమితం కాదని పుస్తకమే ఒప్పుకుంది. పదో తరగతి త్రికోణమితికి చార్మినార్ చాలు. కోణమానినికి దారం, దారానికి రాయి కట్టి, పైఅంచు 45 డిగ్రీల్లో కనిపించేదాకా వెనక్కి నడిస్తే, అక్కడి నుంచి మినార్ దాకా దూరానికి కంటి ఎత్తు కలిపితే దాని ఎత్తు వచ్చేస్తుంది, సుమారు 56 మీటర్లు. ఆ రద్దీలో అంత దూరం వెనక్కి నడవడమే అసలు పరీక్ష అనుకోండి. గోల్కొండ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లిన ప్రతి క్లాసూ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడుతుంది. పైన బాలా హిసార్‌లో వినబడుతుందని గైడు చెబుతాడు. ఎన్ని సెకన్లకు వినబడిందో కొలిచిన క్లాసును నేనైతే చూడలేదు.

పుస్తకం మారాక మార్కులూ మారాలి కదా. 2014–15 నుంచి పదో తరగతిలో రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు, అంటే బడిలో టీచర్లే వేసే మార్కులకు, 20 అన్నారు. ఆ ఇరవైని కూడా నాలుగు ఐదులుగా పంచారు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. ఉద్దేశం మంచిదే. కానీ మార్కు వేయాలంటే కాగితం కావాలి, తనిఖీకి వచ్చినవాళ్లకు రికార్డు చూపించాలి. చార్మినార్ కొలిచొచ్చిన పిల్లవాడి దగ్గర చిరిగిన కాగితం ఉంటుంది, షాపు ప్రాజెక్టుకు స్పైరల్ బైండింగ్ ఉంటుంది. నలభై మంది రికార్డులు ఒక్క సాయంత్రంలో దిద్దే టీచరుకు ఏది నీటుగా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఈలోగా 2016లో కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు, త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు. దొరికిన పిల్లలకు మంచి అవకాశమే, కాకపోతే చేతిపని అంటే రోబో గదే అనిపించేలా చేసింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర నేర్చుకోమంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు, పుస్తకాల సంచి లేకుండా. జాకీర్ హుస్సేన్ రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలు అడిగారు.

ప్రైవేటు బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నారన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉన్నదే. 2024 నవంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఇంటర్నల్స్ తీసేసి పదో తరగతికి 100 మార్కుల రాత పరీక్ష పెడతామంది. విద్యా సంవత్సరం సగం దాటాక ఇదేంటని టెన్షన్ మొదలయ్యేసరికి ఆ ఏడాదికి 80–20నే ఉంచింది. వాట్సాప్ గ్రూపుల్లో తల్లిదండ్రులు అడిగిందీ, అధికారులు జవాబిచ్చిందీ పేపర్ ఎన్ని మార్కులకన్న దాని గురించే. ఇంటర్మీడియట్‌లో ఉన్నట్టు పదో తరగతికీ ఒక ప్రాక్టికల్ పెడదామన్న మాట ఆ చర్చలో నాకు వినబడలేదు.