శనివారం స్నానానికి ఒక స్టార్: వైకింగ్ ప్రేమ నవలలపై అపోహలు - వాస్తవాలు

హీరో శనివారం పూట వేడినీళ్లతో స్నానం చేసి, జుట్టు దువ్వుకుని హీరోయిన్ ఇంటికి వెళ్తాడు. నేను చూసిన ఒక రాతప్రతిలో సీన్ ఇది. పుస్తకం వచ్చాక ఒక పాఠకురాలు దీనికి ఒకే ఒక్క స్టార్ ఇచ్చారు. "వైకింగులు స్నానాలు చేయడమేంటి? రచయిత్రి చరిత్ర ముట్టుకున్నట్టు లేదు" అని ఆవిడ కోపం. అదే పుస్తకం రెండో అధ్యాయంలో బంగాళాదుంపల పులుసు ఒకటి నా కళ్లుగప్పి అచ్చులోకి వెళ్లిపోయింది. దక్షిణ అమెరికా నుంచి బంగాళాదుంప యూరప్ చేరింది 16వ శతాబ్దంలో. దాన్ని మాత్రం ఒక్కరూ పట్టుకోలేదు. నా అదృష్టం.

ఇంగ్లీషులో వచ్చే చారిత్రక ప్రేమ నవలల్ని అచ్చుకి ముందు చదివి, ఆ కాలానికి పొసగనివి ఏరడం నా పని. విశాఖ ఉక్కపోతలో కూర్చుని నార్వే చలి గురించి నువ్వేం చెప్తావే అని మా అన్నయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు. నాకు వచ్చేవాటిలో ఎక్కువ వైకింగ్ కాలానివే, నార్వే, డెన్మార్క్, స్వీడన్‌ల నుంచి ఓడల్లో వెళ్లి దాడులు, వర్తకం చేసినవాళ్ల కాలం. అంటే 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరాన లిండిస్‌ఫార్న్ మఠం మీద జరిగిన దాడి మొదలు 1066 దాకా అని మామూలుగా లెక్కేసే కాలం. పుస్తకం బయటికొచ్చాక పాఠకుల అభిప్రాయాలు కూడా కూర్చుని చదువుతాను. ఎవరూ చదవమని చెప్పలేదు, డబ్బులూ ఇవ్వరు. అక్కడే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. "ఇది చరిత్ర కాదు" అని జనం విరుచుకుపడే చోట చాలాసార్లు ఉన్నది చరిత్రే. "ఆ రోజుల్లో అంతే కదా" అని సర్దుకుపోయే చోటే అసలు తేడా ఉంటుంది.

అపోహ: వాళ్లు మురికి మనుషులు

తవ్వకాల్లో ఎముకతో, దుప్పి కొమ్ముతో చేసిన దువ్వెనలు లెక్కలేనన్ని దొరికాయి. వెంట్రుకలు పీక్కునే చిన్న పట్టకార్లు, చెవి గుబిలి తీసుకునే పుల్లలు కూడా. వాళ్ల భాషలో శనివారం పేరే 'లౌగర్‌దాగర్', స్నానాల రోజు అని. నార్వేలో, డెన్మార్క్‌లో శనివారాన్ని ఇప్పటికీ లోర్దాగ్ అంటారు, అది ఆ మాటే. మనం శనివారం తలంటుకుంటే అది ఆచారం, వాళ్లు చేస్తే మాత్రం రచయిత్రి కల్పనా?

ఇంగ్లండ్‌లో జాన్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ పేరు మీద 13వ శతాబ్దపు చరిత్ర గ్రంథం ఒకటుంది. అందులో డేన్ల మీద, అంటే డెన్మార్క్ నుంచి వచ్చిన వైకింగుల మీద, ఒక ఫిర్యాదు కనిపిస్తుంది: రోజూ తల దువ్వుకుంటారట, శనివారం శనివారం స్నానం చేస్తారట, తరచూ బట్టలు మారుస్తారట, అలా తయారై పెళ్లయిన ఆడవాళ్ల మనసులు కూడా లాగేసుకుంటున్నారట. ప్రేమ నవల హీరోకి ఉండాల్సిన లక్షణాలన్నీ ఒక మఠవాసి తిట్టు రూపంలో రాసిపెట్టాడన్నమాట. కొత్త రచయితలకి నేను ముందుగా పంపేది ఇదే.

మరి మురికి అనే మాట ఎక్కడిది? బగ్దాద్ ఖలీఫా తరఫున వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్ 922లో వోల్గా నది ఒడ్డున రూస్ వర్తకుల్ని, అంటే తూర్పు వైపు వెళ్లిన వైకింగుల్ని, చూశాడు. ఖర్జూర చెట్లలా పొడుగ్గా ఉన్నారు, ఇంత చక్కటి శరీరాలు నేనెప్పుడూ చూడలేదని మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, దేవుడి సృష్టిలో ఇంత మురికివాళ్లు లేరన్నాడు. రోజూ పొద్దున్నే ఒకే పళ్లెంలో నీళ్లు ఒకరి తర్వాత ఒకరు వాడి ముఖం కడగడం, అందులోనే ముక్కు చీదడం చూశాడాయన. నమాజుకి ముందు పారే నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కునే మనిషికి అది ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి కొలత వాళ్లది.

అపోహ: కొమ్ముల శిరస్త్రాణం

దీని మీద ఎక్కువ రాయను. 1876లో జర్మనీలోని బాయ్‌రాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ ఆపెరాకి (పాటలతో నడిచే నాటకానికి) కార్ల్ ఎమిల్ డోప్లర్ గీసిన దుస్తుల డిజైన్లతో ఈ కొమ్ములు బాగా నాటుకుపోయాయి. నార్వేలో 1943లో గ్యెర్‌ముండ్‌బూ అనే చోట 10వ శతాబ్దపు నిజం శిరస్త్రాణం దొరికింది. కళ్లచుట్టూ అద్దాల ఫ్రేములాంటి ఇనుప కట్టు ఉంది తప్ప కొమ్ముల్లేవు.

కవర్ మీద కొమ్ములు కనిపించాయని రచయితకి స్టార్లు కోసేవాళ్లకి ఒక మనవి. కవర్ మీద రచయిత మాట సాధారణంగా చెల్లదు. గడ్డకట్టే మంచులో చొక్కా లేకుండా నిలబడ్డ హీరోకి కూడా రచయితకి సంబంధం ఉండదు. అన్నట్టు, ఆ కాలపు మగవాళ్ల అస్థిపంజరాల్లో కొన్నింటికి, ముఖ్యంగా స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపంలో, ముందు పళ్ల మీద అడ్డంగా అరగదీసిన గీతలు కనిపిస్తాయి. ఆ నవ్వుతో హీరోని కవర్ మీద వేసే ధైర్యం ఏ ప్రచురణకర్తకీ ఉన్నట్టు లేదు.

అపోహ: భర్తని వదిలేసే హీరోయిన్ అంటే ఇప్పటి ఫెమినిజాన్ని అప్పటికి అంటించడమే

నాకు బాగా ఒళ్లుమండేది దీనికి. దాదాపు 965లో స్పెయిన్ నుంచి అల్ తర్తూషీ అనే యాత్రికుడు హెడెబీ అనే ఓడరేవు పట్నానికి వచ్చాడు. అది ఇప్పుడు ఉత్తర జర్మనీలో ఉంది. ఇక్కడ ఆడవాళ్లు తమకి తాముగా విడాకులు ఇస్తారని వింతగా రాసుకున్నాడు. ఆడా మగా ఇద్దరూ కళ్లకి ఏదో పూసుకుంటారని కూడా రాశాడు. వాళ్ల పాటల్ని కుక్కల మొరుగుతో పోల్చి, అంతకన్నా ఘోరమన్నాడు. (పాట పాడి హీరోయిన్‌ని పడేసే హీరో దొరికితే నేను మార్జిన్‌లో ఈయన్ని తలుచుకుంటాను.)

పెళ్లిలో పిల్ల తరఫుకి అబ్బాయి ఇచ్చేది 'ముండ్ర్'. మనవైపు ఓలి అనేవారే, అలాంటిది. పిల్ల పుట్టింటి నుంచి తెచ్చుకునేది వేరే. ఆవిడ విడిపోతే ఆ ఆస్తి మీద ఆవిడకి హక్కు ఉండేదని ఐస్‌లాండ్ చట్టాలు చెబుతాయి. ఐస్‌లాండ్ పాత కథల్ని సాగాలంటారు, వాటిలో ఒకటైన లక్స్‌డేలా సాగాలో గుద్రున్ మొదటి భర్తని వదిలించుకున్న తీరు చూడండి. చెంప మీద కొట్టాడని ఆవిడ మెడ బాగా కిందికి దిగిన చొక్కా ఒకటి కుట్టి అతనికి తొడిగించింది. మగవాడు ఆడవాళ్ల తరహా బట్టలేసుకోవడం విడాకులకి చాలిన కారణం. ఇదే సీన్ నవలలో రాస్తే "సిల్లీగా ఉంది" అంటారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: సాగాలు కాగితం మీదికి వచ్చింది 13వ శతాబ్దంలో, అప్పటికి వాళ్లు క్రైస్తవులై రెండొందల ఏళ్లు దాటింది. వాటిని కోర్టు రికార్డుల్లా చదవకూడదు.

కత్తి పట్టిన హీరోయిన్ సంగతి వేరు. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో ఆయుధాలతో, రెండు గుర్రాలతో ఉన్న సమాధి తవ్వారు. వందేళ్లకి పైగా అది మగ యోధుడిదే అనుకున్నారు. 2017లో డీఎన్ఏ పరీక్ష అది ఆడమనిషిదని తేల్చింది. ఆమె నిజంగా యుద్ధం చేసిందా అన్నదాని మీద పండితుల గొడవ నడుస్తూనే ఉంది. అందుకని నవలలో ఒక కత్తి హీరోయిన్ ఉంటే నేను వదిలేస్తాను, ఊళ్లో ఆడవాళ్లంతా కత్తులు దూస్తే మాత్రం ఎర్రగీత పడుతుంది. "హీరోయిన్ ఎప్పుడు చూసినా మగ్గం దగ్గరే, బోర్" అని ఒకరు రాశారు. ఓడ కట్టడానికి పట్టినంత శ్రమ ఉన్నితో ఒక తెరచాప నేయడానికీ పట్టేదండీ. ఆడవాళ్లు నేయకపోతే ఆ దాడులూ లేవు, ఆ హీరోలూ లేరు.

అపోహ: ఆ గొడ్డళ్ల కాలంలో ప్రేమలెక్కడివి

ఐస్‌లాండ్ పాత చట్టం గ్రాగాస్ ప్రకారం ఒక ఆడదాని మీద ప్రేమ పద్యం కట్టడం నేరం. శిక్ష మామూలుది కాదు, పూర్తి బహిష్కరణ. అలా వెలివేసిన మనిషిని ఎవరు చంపినా అడిగేవాడుండడు. జనం ఆ పని చేయకపోతే అంత పెద్ద చట్టం ఎందుకు రాస్తారు?

స్వీడన్‌లో హస్మ్యూరా దగ్గర 11వ శతాబ్దపు రాయి ఒకటుంది. హోల్మ్‌గౌత్ అనే రైతు భార్య ఓడిన్‌దీసా కోసం నిలబెట్టించాడు. హస్మ్యూరాకి ఇల్లు నడపడానికి ఇంతకంటే మంచి ఇల్లాలు రాదు అని దాని మీద చెక్కి ఉంది. పొలం పనుల మధ్య, చెక్కేవాడికి డబ్బిచ్చి, ఆ మాట రాయించాడు. నాకు ఏ నవలలోని ప్రేమ డైలాగూ దీనికి సాటి రాలేదు. నార్వేలోని బెర్గెన్‌లో 1955 అగ్నిప్రమాదం తర్వాత తవ్వితే, రూన్ అక్షరాలు (వాళ్ల పాత లిపి) చెక్కిన కర్రముక్కలు వందల్లో బయటపడ్డాయి. "నన్ను ప్రేమించు, నేను నిన్ను ప్రేమిస్తున్నా" లాంటివీ ఉన్నాయి, "ఇంటికి రమ్మని గ్యూదా చెబుతోంది" అన్నదీ ఉంది. అవి వైకింగ్ కాలం దాటాక చెక్కినవి, కాబట్టి నవలలో వాడనివ్వను. ఆ రెండోది చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, మావారికి నేను పెట్టే మెసేజ్‌లు అవే. మనం తెలుగులో కూడా వాడేస్తున్న 'హస్బెండ్' అనే మాట ఈ వైకింగుల నోర్స్ భాషలోని 'హూస్‌బోండి' నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందే.

అపోహ: బందీగా తెచ్చిన అమ్మాయి వెంటనే ప్రేమలో పడటం "ఆ కాలానికి తగ్గట్టే ఉంది"

ఇక్కడ నేను పాఠకుల పక్షం, అందులోనూ నచ్చలేదని రాసినవాళ్ల పక్షం. "చదువుతుంటే ఇబ్బందిగా అనిపించింది" అని ఎవరైనా అంటే, కింద పదిమంది "అప్పట్లో అంతేనమ్మా" అని పాఠం చెబుతారు. దాడులు చేసి మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్మడం నిజం. డబ్లిన్ అప్పట్లో పెద్ద బానిసల సంత. ఐస్‌లాండ్‌లో మొదట స్థిరపడ్డ మగవాళ్లలో ఎక్కువమంది నార్వే వైపు వాళ్లయితే, ఆడవాళ్లలో సగానికి పైగా బ్రిటిష్ దీవుల మూలాలవాళ్లని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. వాళ్లంతా బానిసలని కాదు, కానీ ఎంతమంది ఇష్టపడి ఓడ ఎక్కి ఉంటారు?

ఆ కాలానికి తగ్గట్టు ఎలా రాస్తారో పైన చెప్పిన లక్స్‌డేలా సాగానే చూపించింది. హోస్కుల్డ్ అనే ఐస్‌లాండ్ పెద్దమనిషి సంతలో ఒక బానిస పిల్లని మూడు మార్కుల (మార్కు అప్పటి తూకం) వెండి పోసి కొంటాడు. మిగతావాళ్ల ధర ఒక్క మార్కే. ఆమె మూగదని అమ్మేవాడే చెబుతాడు. ఐస్‌లాండ్‌కి తెచ్చాక కొడుకు పుడతాడు. పిల్లాడికి మాటలొచ్చాక ఒకరోజు వాగు పక్కన ఆమె వాడితో మాట్లాడుతుంటే హోస్కుల్డ్ వింటాడు. ఆమె పేరు మెల్కోర్కా, ఐర్లండ్ రాజు కూతురు. అన్నేళ్లూ నోరు విప్పలేదంతే. ఏ ఫెమినిజమూ తెలియని 13వ శతాబ్దపు మనిషి రాసిన కథ ఇది. అలాంటప్పుడు మూడో అధ్యాయానికే హీరో కండలు చూసి కరిగిపోయే బందీని "కాలానికి తగ్గట్టు" అనడం ఆ కాలాన్ని అవమానించడమే. ఇది దిద్దమని రాస్తే రచయితలు ఒప్పుకుంటున్నారు, కథలు బాగుపడుతున్నాయి కూడా. చిక్కంతా ప్రచురణకర్త దగ్గరే వస్తుంది, అలాంటి కథలు అమ్ముడుపోతాయి కనుక.

తక్కువ స్టార్లొస్తే పుస్తకం పని అయిపోయినట్టే అనుకోవడం కూడా అపోహే. "హీరో మరీ మెతక, భార్య మాట వింటాడు" అని ఒకరు రెండు స్టార్లు ఇస్తే, సరిగ్గా ఆ మాట చూసే కొన్నామని మరో ఇద్దరు రాయడం నేను చూశాను.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న ప్రతిలో స్వీడన్ హీరోయిన్ పెట్టెలో ఒక చిన్న కంచు బుద్ధుడి విగ్రహం ఉంది. పాఠకులు నమ్మరు, తీసేద్దామని ఎడిటర్ పట్టు. కానీ 1956లో స్టాక్‌హోమ్ దగ్గర హెల్గో ద్వీపం తవ్వకాల్లో అలాంటి బుద్ధుడే దొరికాడు. మన ఉపఖండం వాయవ్య భాగంలో 6వ శతాబ్దం ప్రాంతంలో పోత పోసిందని అంచనా. ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో! ఉంచమనే రాశాను, ఒక్క షరతు మీద: అది ఎవరి బొమ్మో హీరోయిన్‌కి తెలియకూడదు.