డేకేర్ ఫీజులు: అపోహలు - వాస్తవాలు (ముందు ఆ "అమ్మ జీతం" లెక్క గురించి)

మొన్న అడ్మిషన్ కోసం వచ్చిన ఒకామె నా ముందే కూర్చుని ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసింది. తన జీతం కొట్టింది, అందులోంచి మా ఫీజు తీసేసింది, మిగిలింది నాకు చూపించి "ఇంతే మేడం మిగిలేది, దీనికోసం పాపని వదిలి వెళ్లాలా, మానేస్తే పోతుంది కదా" అంది. కళ్లల్లో నీళ్లు. పాపకి 7 నెలలు. భర్త పక్కనే ఉన్నాడు, ఆయన జీతం మాత్రం ఆ క్యాలిక్యులేటర్‌లోకి రాలేదు. డేకేర్ నడపడం మొదలుపెట్టి 12 ఏళ్లయింది, ఈ దృశ్యం నెలకి రెండుసార్లైనా చూస్తా, అందుకే ఇవాళ రాయాలనిపించింది.

అపోహ: ఫీజు పోను అమ్మ జీతంలో ఏమీ మిగలదు, కాబట్టి మానేయడమే లాభం.

వాస్తవం: ఈ లెక్క మొదలైందే తప్పు చోట. ఇంటి అద్దె కట్టేటప్పుడు ఇది ఎవరి జీతంలోంచి పోతోంది అని చూడం, ఇద్దరి డబ్బుల్లోంచి కడతాం. పిల్లని చూసుకునే ఖర్చు మాత్రం అమ్మ ఖాతాలో ఎందుకు పడాలి? ఇద్దరూ ఉద్యోగం చేయడానికి అయ్యే ఖర్చు అది, ఇద్దరి మీదా వేసి చూడండి.

ఇంకొకటి, అసలు నష్టం చేసేది ఇదే. మీరు 7 నెలల బిడ్డకి చూస్తున్న ఫీజు అన్ని వయసుల్లోకీ ఎక్కువ ఉండే ఫీజు. అదే రేటు బడికి వెళ్లేదాకా ఉంటుందని అనుకుని ఐదేళ్లకి గుణించేసి భయపడిపోతున్నారు. ఎందుకు ఎక్కువో చెప్తా వినండి. రూల్స్ చోటుకో రకంగా ఉంటాయి గానీ ఏడాదిలోపు వాళ్లకి చాలాచోట్ల ముగ్గురు నలుగురికి ఒక మనిషి ఉండాలి, మూడేళ్లు దాటాక 8 నుంచి 10 మందికి ఒకరు సరిపోతారు. ఒక ఆయా జీతం 120 అనుకోండి. పసిపిల్లల గదిలో ముగ్గురికి పంచితే తలా 40, పెద్దపిల్లల గదిలో పదిమందికి పంచితే తలా 12. అక్కడితో అవ్వలేదు, మేం తెరిచి ఉంచేది 10 గంటలు, ఆయా పనిచేసేది 8 గంటలు, కాబట్టి ఒకరి చోటుకి ఒకరూ పావు మనిషి కావాలి. అప్పుడు ఆ 40 కాస్తా 50 అవుతుంది, 12 ఏమో 15. ఇంకా ఎవరైనా సెలవు పెడితే బదులు మనిషి, అద్దె, కరెంటు, ఇన్సూరెన్స్, ఇవన్నీ దీని పైన. డేకేర్‌లో పెద్ద ఖర్చు జీతాలే, బొమ్మలూ గోడ మీద పెయింటింగులూ కాదు.

అలాగని ఫీజు 50 నుంచి 15 కి పడిపోతుందని చెప్పట్లేదు. పసిపిల్లలకి అయ్యే ఖర్చు మొత్తం వాళ్ల తల్లిదండ్రుల దగ్గరే తీసుకుంటే ఎవరూ కట్టలేరు, అందుకని మాలాంటి చాలామంది అందులో కొంత పెద్దపిల్లల ఫీజులోంచి సర్దుతాం. (పసిపిల్లల సీట్లు చాలాచోట్ల తక్కువ ఉండి వెయిటింగ్ లిస్ట్ పొడుగ్గా ఉండేది కూడా అందుకే.) పైగా ఏటా జీతాలూ అద్దే పెరుగుతాయి, తగ్గాల్సిన దాంట్లో కొంత అది తినేస్తుంది. అయినా గది మారినప్పుడల్లా ఫీజు దిగుతుంది, అదే సమయంలో మీ జీతం పెరుగుతుంది. మొదటి ఏడాది చేతిలో దాదాపు ఏమీ మిగలని వాళ్లకే మూడో ఏడాదికి ఊపిరి ఆడటం నేను చాలాసార్లు చూశా. కాబట్టి అడ్మిషన్ రోజునే అడగండి, వయసు వారీగా ఫీజు ఎంత, ఏ వయసుకి గది మారుస్తారు, గత రెండేళ్లలో ఎంత పెంచారు అని. ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వని చోట కాస్త ఆలోచించండి.

మా చెల్లెలు సరిగ్గా ఇదే లెక్క వేసుకుని మానేసింది. అప్పటికి నేను ఈ ఫీల్డ్‌లోకి రాలేదు, నేను కూడా సరే అన్నా. నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఇంటర్వ్యూలకి వెళ్తే తను వదిలిన పోస్టు కంటే కింద పోస్టు ఇస్తామన్నారు, ఆ నాలుగేళ్ల ఇంక్రిమెంట్లు లేవు, రిటైర్మెంట్‌కి జమ అవ్వాల్సిన డబ్బూ లేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధే. బిడ్డ దగ్గర ఉండాలని ఉంటే ఉండండి తల్లీ, అది చాలా మంచి కారణం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఒక్క ఏడాది ఫీజు చూసి మాత్రం మానేయకండి.

ఇక మిగతావి గబగబా.

"పిల్లాడు పది రోజులు రాలేదు, ఆ పది రోజులు తగ్గించండి." మీరు కట్టేది సీటుకి, హాజరుకి కాదు. వాడు రాలేదని ఆయా జీతం కొయ్యలేను కదా.

"హాఫ్ డే అంటే సగం ఫీజు." కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకి ఖాళీ అయిన సీటుని సాయంత్రందాకా ఎవరూ తీసుకోరు, అందుకే సగం కంటే ఎక్కువ ఉంటుంది.

"20 మంది పిల్లలు, ఒక్కొక్కరి దగ్గర ఇంత, అబ్బో ఎంత లాభమో." ఈ పుకారు వింటే నాకు విసుగొస్తుంది. 20 సీట్లుంటే మేం ఫీజు వేసేది 16, 17 నిండుతాయనే లెక్కతోనే, ఎందుకంటే గది మారేవాళ్లు, ఊరు మారేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

"తక్కువ ఫీజు తీసుకునేవాళ్లు మంచి మనసున్నవాళ్లు." దీనికి మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. మొదటి ఏడాది నేనూ తల్లుల మొహాలు చూసి పసిపిల్లల ఫీజు బాగా తక్కువ పెట్టా. ఆరో నెలకి జీతాలు లేటయ్యాయి, పిల్లలందరికీ అలవాటైన ఆయా వేరేచోటికి వెళ్లిపోయింది, కొత్తామె చేతిలో పిల్లలు కుదురుకోవడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాల ఏడుపు నేను మర్చిపోలేను. ఫీజు మరీ తక్కువ అనిపిస్తే అడగాల్సింది ఒకటే, ఇక్కడ ఆయాలు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు? ఆ తర్వాత లేట్ పికప్ ఛార్జీ, అడ్మిషన్ ఫీజు, డిపాజిట్, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏడాదిలో ఎన్ని రోజులు మూసేస్తారు, ఇవన్నీ కలిపి ఏడాది మొత్తానికి లెక్క వేసి అప్పుడు రెండు చోట్లని పోల్చండి. నెల ఫీజు ఒక్కటే పోలిస్తే మోసపోతారు. మీ ఇద్దరి ఆఫీసుల్లోనూ హెచ్ఆర్‌ని అడగండి, పిల్లల ఖర్చుకి ఏమైనా ఇస్తారా అని. నాన్న ఆఫీసులో అడగడం దాదాపు అందరూ మర్చిపోతారు.

ఆ 7 నెలల పాప వాళ్లకి ఇదే లెక్క ఒక కాగితం మీద వేసిచ్చా, ఈసారి ఆయన జీతం కూడా రాయించి. ఇంటికెళ్లి మాట్లాడుకుని చెప్తామన్నారు. పసిపిల్లల గదిలో ఒక్క సీటే ఉంది, శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వనని చెప్పా.