త్సెదకా: జాలి కాదు, బాకీ (అపోహలు - వాస్తవాలు)

"ధర్మం చెయ్యండి బాబూ" అనే పిలుపులో భిక్షా ఉంది, న్యాయమూ ఉంది. యూదులు వాడే త్సెదకా అనే హీబ్రూ మాట కూడా అలాంటిదే. 'త్సెదెక్' అంటే న్యాయం. దాన్ని 'దానం' అని తెలుగు చేసినప్పుడే సగం అపోహలు మొదలవుతాయి.

అపోహ: ఎంత ఇవ్వాలన్నది ఇచ్చేవాడి మనసును బట్టి.

వాస్తవం: పేదల కోసం పొలం చివర కొంత కోయకుండా వదలడం రైతు ఇష్టం కాదు, విధి. అరవయ్యో వంతుకు తగ్గకూడదని మిష్నా అనే పాత యూదు ధర్మసంహిత నియమం. కోస్తుండగా ఒకటో రెండో వెన్నులు రాలితే అవి పరిగె ఏరుకునేవాళ్లవి. మూడు కలిసి రాలితే రైతువి. మరిచిపోయిన పనలకూ ఇదే లెక్క. చివరే ఎందుకంటే, మధ్యలో వదిలితే ఎవరూ లేనప్పుడు తన చుట్టానికి కబురు పెట్టుకోవచ్చు. చివరన ఉంటే పేదలకు ఎక్కడికి రావాలో తెలుస్తుంది, దారినపోయేవాళ్లకు కనిపిస్తుంది. ఫలానావాడే ఏరుకోవాలని చెప్పే హక్కు రైతుకు లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే, యూదుమతం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలే. పరిగె అంటే ఏమిటో వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

పొలం లేనివాళ్లకు పదో వంతు లెక్క. పన్నులు పోగా నెలకు 50,000 చేతికొస్తే 5,000 పక్కన పెడతారు. ఐదో వంతు, అంటే 10,000 దాటొద్దన్నారు, ఇచ్చినవాడే రేపు చెయ్యి చాచకుండా. ఈ డబ్బుకు వేరే ఖాతా ఉంటే మంచిది. ఎక్కువమంది తప్పు చేసేది పూరిం అనే యూదుల పండుగ రోజున. ఆ రోజు ఇద్దరు పేదలకు ఇవ్వాల్సిన కనీస కానుకలు ఈ ఖాతాలోంచి తీయకూడదు. అది విడిగా తీర్చాల్సిన బాకీ. కనీసానికి మించి ఇచ్చేది తీయొచ్చు.

అపోహ: పేదవాడికి మినహాయింపు.

వాస్తవం: లేదు. సాయం మీద బతికేవాడు కూడా అందులోంచే కొంత ఇవ్వాలి.

అపోహ: నమ్మకస్తుడైతే నిధికి ఒక్కడు చాలు.

వాస్తవం: ఊరి నిధిని 'కుప్పా' అంటారు (మన కుప్పతో చుట్టరికం లేదు, వినడానికి బాగుంది). వసూలుకు ఇద్దరు, పంపకానికి ముగ్గురు ఉండాలి. ఎవరికి ఎంత అన్నది తీర్పు చెప్పడమే కాబట్టి, ఆస్తి తగాదా తీర్చే న్యాయస్థానంలో ఉన్నంతమంది కావాలి. పంపకం శుక్రవారం, ఊరి పేదలకు. వారానికి సరిపడా పద్నాలుగు పూటల తిండి ఇంట్లో ఉన్నవాడు తీసుకోకూడదు.

అపోహ: అడిగినవాణ్ణి ముందు ఆరా తీయాలి.

వాస్తవం: ఆకలి అన్నవాడికి వెంటనే పెట్టాలి. ముఖం తెలియనివాడు బట్టలడిగితే ఆరా తీయొచ్చు. ఆకలి ఆగదు, బట్ట ఒక పూట ఆగుతుంది.

అపోహ: యూదులు యూదులకే ఇస్తారు.

వాస్తవం: ఊళ్లోని యూదేతర పేదలకూ యూదు పేదలతో పాటే ఇవ్వాలని మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్ముదు చెబుతుంది. అమెరికాలో 1985లో పుట్టిన మజోన్ అనే యూదు సంస్థ పెళ్లిళ్లు, వేడుకల ఖర్చులో 3 శాతం అడుగుతుంది. అది ఎవరి ఆకలికైనా వెళ్తుంది.

అపోహ: గుప్తదానమే అన్నిటికన్నా గొప్పది.

వాస్తవం: 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ చెప్పిన ఎనిమిది మెట్లలో అది రెండోది. మొదటిది అప్పు, పని, వ్యాపారంలో భాగం ఇచ్చి మనిషిని నిలబెట్టడం. గెమాఖ్ అనే వడ్డీలేని అప్పు నిధులు అందుకే ఉన్నాయి. న్యూయార్క్ హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ 1892 నాటిది. ఇక్కడ చిక్కంతా వడ్డీ వాసన దగ్గరే. గడువు దాటిందని అసలు మీద అదనంగా వసూలు చేస్తే వడ్డీ కిందికే వస్తుంది. అంతకుముందు పలకరించే అలవాటు లేనివాడు అప్పు తీసుకున్నాక ఎదురెళ్లి దండం పెట్టినా తప్పే. యూదు ధర్మం ప్రకారం ప్రతి ఏడో ఏడు ముగిసేసరికి అప్పులు రద్దవుతాయి కనుక పూర్వం ఇచ్చేవాళ్లు వెనకాడారు. అప్పుడు హిల్లెల్ అనే ప్రాచీన యూదు గురువు 'ప్రోజ్‌బుల్' పత్రం తెచ్చాడు. అది రాస్తే బాకీ న్యాయస్థానం చేతికి వెళ్లి రద్దు కాకుండా నిలుస్తుంది. ఈసారి ఏడో ఏడు యూదుల పంచాంగంలో 5789, అది 2029 సెప్టెంబరులో ముగుస్తుంది. పత్రం ఆలోపే రాయించుకోవాలి.