‘క్యానీ’ అంటే తెలివి ఒక్కటేనా?

స్కాట్లాండ్ కథలు తెలుగు చేస్తుంటాను. అక్కడి స్కాట్స్ భాషలో నన్ను బాగా తిప్పలు పెట్టిన మాట ‘క్యానీ’.

అపోహ: క్యానీ అంటే లౌక్యం, డబ్బు దగ్గర గట్టితనం.

వాస్తవం: ఇంగ్లీషు పేపర్లలో కనిపించే అర్థం ఇదే. తప్పేం కాదు, కానీ ఇది ఒక కొమ్మే. ‘క్యాన్’ అంటే ఇప్పుడు చేయగలగడం, పూర్వం తెలిసి ఉండటం. క్యానీ పుట్టింది అందులోంచే. పని తెలిసినవాడు తొందరపడడు, అందుకే జాగ్రత్త అనే అర్థం. అతని చెయ్యి నెమ్మది, అందుకే మృదువు. పక్కనుంటే ధైర్యం, అందుకే క్షేమం, శుభం. ఇలా ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చాయని నేను అర్థం చేసుకున్నాను.

అపోహ: ‘క్యానీ వైఫ్’ అంటే తెలివైన భార్య.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే రాశాను. కథలో ఒకాయన అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పక్క ఊరికి పరిగెత్తి క్యానీ వైఫ్‌ను వెంటబెట్టుకొస్తాడు. “ఎవరి భార్యనండీ?” అని ఎడిటర్ గారు పక్కన ఎర్ర ఇంకుతో రాశారు. స్కాట్స్‌లో వైఫ్ అంటే పెళ్లామే కానక్కర్లేదు, మామూలుగా ఆడమనిషి. ఈవిడ మంత్రసాని! మాట మన ఇంట్లోనే ఉంది, నాకే తట్టలేదు.

అపోహ: ‘కా క్యానీ’ అంటే తెలివిగా పిలవమని.

వాస్తవం: ‘కా’ అంటే పిలవడమే, కానీ పశువుల్ని, బండిని తోలడం కూడా. మన బండివాడి భాషలో ‘మెల్లగా తోలు’. ఆ మాటే కార్మికుల ఆయుధమైంది. 1889లో గ్లాస్గో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, యజమానులు పొలం పనివాళ్లను దింపారు. వాళ్లకు ఓడ మీద నడవడమే సరిగా రాదు, సరుకు జారవిడిచేవాళ్లు. సమ్మె ఓడిపోయింది. అప్పుడు యూనియన్ చెప్పిందట: వాళ్ల పని యజమానులకు నచ్చింది కదా, మనమూ అలాగే చేద్దాం. కొద్ది రోజుల్లోనే జీతం పెరిగిందని చెబుతారు. పని మానకుండా నత్తనడక నడిపించే ఆ పద్ధతికి ‘కా క్యానీ’ అనే పేరు నిలిచిపోయింది.

అపోహ: ‘అన్‌క్యానీ’ అంటే తెలివితక్కువ.

వాస్తవం: కాదు, ఒళ్లు జలదరించేది. స్కాట్స్‌లో ‘నో క్యానీ’ అంటే మంచిది కాదు, అరిష్టం. ఈశాన్య తీరపు జాలర్లు సముద్రం మీద పంది, సాల్మన్ చేప, చర్చి ఫాదరీ పేర్లు ఎత్తేవారు కాదు. నోరు జారితే ఇనుము ముట్టుకునేవారు. మనవాళ్లు పామును ‘పురుగు’ అనడం లాంటిదే.

అపోహ: ఇదంతా ఇంగ్లీషు యాసే కదా!

వాస్తవం: పాత ఇంగ్లీషు ఉత్తరాది శాఖ నుంచి విడిగా పెరిగిన భాష ఇది. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడటం వచ్చన్నారు.

ఇక సరిహద్దు దాటి ఇంగ్లాండులోని న్యూకాజిల్‌కు వెళితే ఇంకో తంటా. అక్కడ క్యానీ అంటే మంచి, బాగున్న. ‘క్యానీ ఫ్యూ’ అంటే కొద్దిమంది కాదు, బాగానే ఉన్నారని. ఇప్పుడు చేస్తున్న కథలో మనిషి ఆ ఊరివాడే. పాత నోట్సు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను.